ప్లాస్టిక్ తీయని పరుపు

తనదనుకున్న ఇంట్లో ఒక్క రాత్రి కూడా నిద్రపోకుండా చనిపోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూశారు. మీలో చాలామంది ఆయన పక్కన ప్లేటు పట్టుకుని నిలబడి బిర్యానీ తిన్నారు. ఆయన పోయి ఇంకా నెల తిరగలేదు. హార్డ్‌వేర్ షాపుకి వెళ్దామని సోఫాలో కూర్చుని, ఒక షూ లేసు కట్టుకుని, రెండోదానికి వంగి, మా బాబాయి అలాగే ఉండిపోయాడు. పిన్ని నాకు ఫోన్ చేసి, "ఒరే, మీ బాబాయి వంగినవాడు లేవట్లేదురా," అంది. మా ఊరు క్యారీలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు సిగ్నళ్ళే. నేను వెళ్ళేసరికి అంబులెన్స్ వాళ్ళు తమ సామాను సర్దుకుంటున్నారు.

ఆయన మా అమ్మ చెల్లెలి భర్త. మందుల కంపెనీలో కెమిస్టుగా ఉద్యోగ జీవితమంతా గడిపాడు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో వాళ్ళ గ్యారేజీ పైగదిలో ఉండేవాణ్ణి. లైసెన్స్ వచ్చేదాకా నన్ను కారులో ఆఫీస్ దగ్గర దింపింది ఆయనే. ఆ గదిలోనే నేను లేఖనాలు చదవడం మొదలుపెట్టాను. నేను ఏ వేదాంత కళాశాల గడపా తొక్కినవాణ్ణి కాదు. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, సాయంత్రం వాక్యం. నా మొదటి ప్రసంగం విన్న సంఘమంతా ఆయనొక్కడే. వంటింటి స్టూల్ మీద కూర్చుని చివరిదాకా విని, "బాగుందిరా. అరుపు తగ్గించు. దేవుడికి చెవుడు లేదు," అన్నాడు.

అరుపు తగ్గలేదు బాబాయ్. ఈ రాతలో కూడా తగ్గించను.

ఒకసారి కంపెనీ పని మీద ఆయన ఫ్రాన్స్ వెళ్ళాడు. ఆదివారం ఖాళీ దొరికితే అద్దె కారులో పల్లెల్లోకి పోయాడు. ఒక మలుపు దగ్గర అమ్మకానికి పెట్టిన పాత రాతి ఇల్లు కనిపించింది. కిటికీ చెక్క రెక్క ఒకటి ఊడి వేలాడుతోంది. ఆగి, ఆ కిటికీ గూట్లో చెయ్యి పెట్టి చూశాడట. ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి తీసుకొస్తుంటే కారులో చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేయి చూపించాడు.

"ఇదిగో, ఇక్కడిదాకా వచ్చిందిరా గోడ. బయట మంట పెడుతున్న ఎండ. లోపల రాయి చల్లగా ఉంది."

"కొంటావా ఏంటి బాబాయ్?"

"చెయ్యి పెట్టినప్పుడే కొనేశాను. ఇంక కాగితాలే."

మన ఇళ్ళు మీకు తెలుసు. వేలితో తడితే డొల్లగా మోగే గోడలు. మేడ మీద తలుపు వేస్తే కింద ఫొటో ఫ్రేము ఊగుతుంది. వీధి వీధంతా ఒకే రంగు, మెయిల్‌బాక్స్‌కి వేరే రంగు వేస్తే కాలనీ సంఘం హెచ్‌ఓఏ నుంచి నోటీసు. గృహప్రవేశం నాడే, దీన్ని ఎప్పుడు అమ్మి ఇంకా పెద్దది ఎక్కడ కొనాలా అని మాట్లాడుకుంటాం. బాబాయికి అమ్మే ఆలోచన లేని ఇల్లు కావాల్సి వచ్చింది. తనకి ముందు ఎవరెవరో పుట్టి, వండుకు తిని, పోట్లాడుకుని, కన్నుమూసిన ఇల్లు. "ఇక్కడి ఇంటికి నా మార్ట్‌గేజ్ వాయిదాలు కావాలి కానీ నేను అక్కర్లేదురా. ఆ ఇంటికి నేను కావాలి," అనేవాడు. అదొక పిచ్చి అని మనం నవ్వాం. ప్రియులారా, పడిపోతున్న గోడని నిలబెట్టాలనే కోరిక పిచ్చి అయితే, కూలిన పట్టణపు ప్రాకారం కట్టించడానికి రాజుగారికి ద్రాక్షారసం అందించే కొలువు వదిలి బయలుదేరిన లేఖనంలోని ఆ పానదాయకుణ్ణి కూడా పిచ్చివాడనండి.

మన శనివారం సహవాసంలో ఆయన ఈ సంగతి చెప్పిన సాయంత్రం నాకు బాగా గుర్తు. అందరూ టీ కప్పులు పట్టుకుని చుట్టూ చేరారు.

"రెంట్ ఎంతొస్తది అన్నా?"

"రెంట్‌కి కాదు తమ్ముడూ."

"అప్రిసియేషన్ ఉంటదా మరి, రేటు పెరుగుతదా?"

"నాకు తెలీదు."

"పోనీ, స్కూల్ డిస్ట్రిక్ట్ ఎట్లుంది?" అని ఇంకొకాయన అడిగితే గది గదంతా నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు. "స్కూల్ మూసేశారు. పిల్లల్లేరు ఆ ఊళ్ళో. మీ పిల్లల్ని తీసుకురండి, తెరిపిద్దాం," అన్నాడు.

ఆ తర్వాతి వారం నేను ఊరుకోలేదు. పంట ఎక్కువై, ఉన్న ధాన్యపు కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకుందామనుకున్న ధనవంతుడి మీద ప్రసంగించాను. ఆ రాత్రే వాడి ప్రాణం అడిగారని గుర్తుచేశాను. బాబాయి ఎప్పటిలాగే చివరి వరసలో ఫోల్డింగ్ కుర్చీలో కూర్చుని విన్నాడు. అయ్యాక గిన్నెలు కడగడానికి నా పక్కకి వచ్చి, మామూలుగా అడిగాడు.

"సరే కానీ, ఊరి చుట్టూ శత్రువుల సైన్యం దిగి ఉంటే, చెరసాలలో కూర్చున్న ప్రవక్త పొలం ఎందుకు కొన్నాడ్రా? ఎవడు దున్నుతాడని?"

నేను తోమిన గిన్నె ఆయన చేతికిచ్చాను. జవాబు నాకు తెలుసు. ఆ దేశంలో మళ్ళీ ఇళ్ళూ పొలాలూ కొంటారని నమ్మకం చెప్పడానికి కొన్నాడు. కొనడమే ఆయన ప్రసంగం. ఆ రోజు నుంచి ఫ్రాన్స్ ఇంటి మీద నేను నోరెత్తలేదు.

ఏటా వేసవిలో బాబాయి, పిన్ని వెళ్ళేవారు. మిగతా ఏడాదంతా మన క్యారీ గ్యారేజీలో ప్రాక్టీసు. చెక్క పలకల మీద సున్నం పూత పూసి, ఎండాక గోటితో గీకి చూసేవాడు. డ్రైవ్‌వే మీద సున్నం బక్కెట్లు ఉన్నాయని హెచ్‌ఓఏ వాళ్ళు నోటీసు పంపితే, బక్కెట్లు లోపల పెట్టి కారు బయట పెట్టాడు. వసంతకాలమంతా ఆ కారు పైన్ చెట్ల పుప్పొడి పట్టి పచ్చగా ఉండేది.

ఒక వేసవి రెండు వారాలు నేనూ వెళ్ళాను. ఎవరో మునుపటి యజమాని ఆ రాతి గోడల మీద సిమెంటు పూసిపెట్టాడు. అది చెక్కడమే మా పని. ఉలి పెట్టి సుత్తితో కొడితే పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చేది. వెనక రాయి తడిగా, నల్లగా చెమటపట్టి ఉండేది.

"చూశావా? సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోతుంది. బయటికి శుభ్రంగానే కనిపిస్తుంది. లోపల కుళ్ళిపోతుంది. సున్నమైతే తడిని బయటికి వదిలేస్తుంది. గోడకి ఊపిరి ఆడాలిరా," అన్నాడు బాబాయి.

"సున్నం కొట్టిన సమాధుల్ని ప్రభువు తిట్టాడు బాబాయ్."

"సమాధికి కొడితే తిట్టాడు. ఇది ఇల్లు. పని చెయ్."

పిన్ని నవ్వి, దగ్గి, ముక్కుకి కట్టుకున్న చున్నీ సర్దుకుంది. మధ్యాహ్నం పెరుగన్నంలో ఆ ఊరి టమాటాలు కోసుకుని తిన్నాం. తిన్నాక బాబాయి గోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆయన ముఖంలో అంత నెమ్మది నేను ఏ ఆరాధనలోనూ చూడలేదు.

సాయంత్రం వెలుగు ఇంకా చాలా ఉండగానే తాళం వేసి, కారెక్కి, పక్క ఊళ్ళో అద్దె గదికి వెళ్ళిపోయేవాళ్ళం. రోజూ అదే వరస. ఇల్లుండగా ఆ గది ఎందుకో మీకు గుర్తుందా? నేను గుర్తుచేస్తాను.

ఇల్లు కొన్న కొత్తలోనే ఒక శనివారం బాబాయి లేచి నిలబడి మనందరికీ చెప్పాడు. "ఇల్లు పూర్తవగానే మీరంతా రావాలి. మీరొచ్చి ప్రార్థన చేసి ప్రతిష్ఠ చేశాకే మేం అక్కడ పడుకుంటాం." పిన్ని పక్కనుంచి, "పాలు కూడా పొంగించాలి," అంది. పాలు పొంగించమని ఏ లేఖనంలోనూ లేదని నేను అప్పుడే చెప్పాను. ఆవిడ వినలేదు. మీరంతా ఆమెన్ అన్నారు. "తప్పకుండా బ్రదర్," "పక్కా అన్నా," "వి ఆర్ కమింగ్ అంకుల్." ఆ మాటల్ని ఆయన పునాదిరాళ్ళలా తీసుకెళ్ళి ఆ ఇంటి కింద పెట్టుకున్నాడు.

మొదట అడ్డం వచ్చింది తలుపు. మన సహవాసంలో పెద్దాయన ఉన్నాడు కదా, ప్రార్థనల్లో ముందు వరస ఆయన. ఇంటి ఫొటోలు చూసి బాబాయిని పక్కకి తీసుకెళ్ళాడు. "బ్రదర్, మనకి అలాంటి నమ్మకాలు లేవనుకో. అయినా, దక్షిణం వాకిలి కదా. తూర్పుకి ఒక తలుపు పెట్టించుకుంటే పోయేదేముంది?" ఏకైక దేవుణ్ణి నమ్మి, ఫోన్‌లో దిక్సూచి ఆప్ పెట్టుకుని ఇళ్ళు కొనే జనం మనం. నేను మండిపడ్డాను. బాబాయి నా భుజం తట్టి, "వాళ్ళు నా ఇంటికి రావాలిరా. మనసులో కలుక్కుమంటూ ఎందుకు రావాలి?" అన్నాడు. తూర్పు గోడలో ఎప్పుడో రాళ్ళు పేర్చి మూసేసిన పాత తలుపు ఒకటి ఉంది. దాన్ని తెరవడానికి ఒక వేసవి మొత్తం పోయింది. మూరెడు మందమున్న గోడలో, సూర్యుడి కోసం కాదు, మన పెద్దాయన కోసం.

తర్వాత పడకలు. ఇంటికి ఆనుకుని పాత పశువుల కొట్టం ఉంది. "ఇంతమంది వస్తే ఎక్కడ పడుకుంటారు?" అని దానికి కొత్త పెంకులు వేయించాడు, నేల చదును చేయించాడు, పిల్లల కోసం ఒకదాని మీద ఒకటుండే మెట్ల మంచాలు తానే చేశాడు. స్నానాల గది ఇంకొకటి కట్టించాడు. ఊడిపోయిన దూలాలతో పొడుగాటి భోజనాల బల్ల తయారుచేసి, దానికి రోజుల తరబడి నూనె పట్టించాడు. "ఇక్కడ పెద్దాయన కూర్చుంటాడు. ఇక్కడ పిల్లలు. నువ్వు ఆ చివర, అరిచినా ఇబ్బంది లేకుండా," అనేవాడు.

లేఖనంలోని ధనవంతుడు తన పంట కోసం, తన కోసం కొట్లు పెద్దవి చేశాడు. ఈయన కొట్టాన్ని మన కోసం పెద్దది చేశాడు. ప్రాణం మాత్రం ఇద్దరినీ ఒక్కలాగే అడిగారు.

నేనున్న ఆ వేసవికే ఇంట్లో ఒక గది పూర్తయింది. పైకప్పు, పొయ్యి, కుళాయి, కిటికీ అన్నీ ఉన్నాయి. పరుపు కూడా వచ్చింది. ప్లాస్టిక్ చుట్టుతో సహా గోడకి ఆనించి నిలబెట్టారు. ఇంటి ముందు దారికి అవతల ఒక ముసలావిడ ఉండేది. ఒక్కతే. ఆవూ, కోళ్ళూ. పిన్నికి గుడ్లు తెచ్చిచ్చేది. ఒక సాయంత్రం మేం తాళం వేస్తుంటే నడుం మీద చేతులు పెట్టుకుని ఏదో అడిగింది. బాబాయి ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకుని చూశాడు. ఇల్లు ఉండగా రోజూ ఎక్కడికి పోతారు, ఇల్లు బాగాలేదా, అని.

ఆయనకొచ్చిన కొద్ది ఫ్రెంచ్‌తో, మిగతాది ఫోన్‌తో చెప్పాడు. మావాళ్ళు వచ్చి ప్రార్థన చేయాలి. అప్పుడు పడుకుంటాం.

ఎప్పుడొస్తారు?

వచ్చే వేసవి.

ఆవిడ తల తిప్పి రోడ్డు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

ఆ రోజు నేను బతిమాలాను. "బాబాయ్, నేనున్నాను కదా. ఇప్పుడే మోకరిస్తాను. ఆ ప్లాస్టిక్ చింపేసి ఈ పూట ఇక్కడే పడుకోండి."

"నువ్వొక్కడివి చేస్తే ఎట్లారా? అందరికీ మాటిచ్చా. మేం లేకుండానే కానిచ్చేశావా అంటారు."

"అనరు. వాళ్ళకి గుర్తు కూడా లేదు."

పిన్ని నన్ను కసిరింది. "నీ నోరు మంచిది కాదు. వస్తామన్నారు, వస్తారు."

"తొందరేముంది? ఇన్ని తరాలు నిలబడ్డ ఇల్లు, మనవాళ్ళ కోసం ఇంకో ఏడాది నిలబడలేదా?" అన్నాడు బాబాయి.

ఇల్లు నిలబడిందండీ. దానికేం ఢోకా లేదు.

అన్నీ సిద్ధం చేసి ఆయన కబురు పెట్టిన ప్రతిసారీ మీరేమన్నారో నేను అదే గదిలో కూర్చుని విన్నాను. "ఈ సమ్మర్ కష్టం బ్రదర్, హెచ్-1బి వీసా స్టాంపింగ్ ఉంది." అది నిజమైన కష్టమే. ఆ కాగితం లేక కదల్లేనివాళ్ళని నేను ఒక్క మాట అనను. తక్కిన మీ సంగతి? "మావాడికి ఎస్‌ఏటీ పరీక్ష అన్నా." "కొత్త ఇల్లు క్లోజింగ్, సంతకాలు ఉన్నాయి." "క్రూజ్ బుక్ చేసేశాం, నాన్ రిఫండబుల్." విందు సిద్ధమైంది రమ్మంటే ఒకడు పొలం కొన్నానన్నాడు, ఒకడు ఎద్దులు కొన్నానన్నాడు, ఒకడు పెళ్ళి చేసుకున్నానన్నాడు. ఆ ఉపమానం నేను మీకు ఎన్నోసార్లు చెప్పాను. మీరు తలలూపారు. బాబాయి చివరి వరసలో అదే ఉపమానం వింటూ మీ తలల వెనకభాగం చూస్తూ కూర్చున్నాడు.

ఒక వేసవి మీలో రెండు కుటుంబాలు కలిసి పారిస్ వెళ్ళాయి. టవర్ ముందు నిలబడి దిగిన ఫొటోలు గ్రూపులో పెట్టారు. అప్పుడు బాబాయి, పిన్ని ఆ పల్లెలోనే ఉన్నారు. రైలెక్కితే సాయంత్రానికి వెళ్ళిపోవచ్చు. ఆయన ఆ ఫొటోల కింద బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాడు. నాకు కోపం ఆగక ఫోన్ చేస్తే, "పిల్లలతో కదరా. ఇక్కడ వాళ్ళకి బోర్ కొడుతుంది," అన్నాడు. వెనకాల పిన్ని గొంతు వినిపించింది. "వస్తారేమోనని బల్ల మీద గుడ్డ పరిచాంరా. మళ్ళీ మడిచి పెట్టేశాను." ఆ వేసవి గుడ్ల ముసలావిడ, మీవాళ్ళకి దారి దొరకలేదా, అని అడిగిందట. దూరం కదా అని చెప్పాడట బాబాయి. మిమ్మల్ని వెనకేసుకొచ్చిన చివరి మనిషి ఆయన. ఇక ఎవరూ లేరు.

అంత్యక్రియలకి మాత్రం అందరూ వచ్చారు. వీధి రెండు వైపులా కార్లు. వంటింటి గట్టు మీద మీరు తెచ్చిన భోజనాల ఫాయిల్ ట్రేలు పట్టక నేల మీద పెట్టాం. లేఖనంలో, దేశమంతా నీదే అని దేవుడి వాగ్దానం పొందిన పితరుడు వెండి తూచి కొన్నది భార్యను పాతిపెట్టే పొలమూ, అందులో ఒక గుహే. పరదేశిగా ఉన్నవాడికి అంత మాత్రం జాగా దొరుకుతుంది. బాబాయికీ దొరికింది, క్యారీ శివార్లలో.

మట్టి వేసి ఇంటికొచ్చాక పెద్దాయన పిన్ని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అమ్మా, ఆ ఫ్రాన్స్ ఇల్లు మాత్రం మనం ప్రతిష్ఠ చేసుకోవాలి. బ్రదర్ కోరిక. నెక్స్ట్ సమ్మర్ అందరం ప్లాన్ చేద్దాం."

నా చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టాను. "అంకుల్, ఆ మాట ఈ ఇంట్లో ఇంకెప్పుడూ అనకండి," అన్నాను. అరవలేదు. బాబాయి కోరినట్టు గొంతు తగ్గించే చెప్పాను, ఆ ఒక్కసారి. పెద్దాయన మొహం ఎర్రబడింది. మీలో కొందరు, సందర్భం చూసుకోవాలి కదా అని తర్వాత నాకు చెప్పారు. సందర్భం చూసుకునే చెప్పాను.

మూడో రోజు పిన్ని నన్ను పిలిచి ఫోన్ చేతికిచ్చింది. గుడ్ల ముసలావిడ పంపిన ఫొటో. కబురు తెలిశాక వెళ్ళి ఆ గది కిటికీ చెక్క రెక్కలు తెరిచిందట. అప్పుడప్పుడూ తెరుస్తూనే ఉందట, గోడకి గాలి కావాలని బాబాయి ఎప్పుడో చెప్పాడని. ఫొటోలో ఆయన పూసిన సున్నం గోడ. దానికి ఆనించి ఆ పరుపు. ప్లాస్టిక్ మీద ఎండ పడి మెరుస్తోంది.

"ఇల్లు అమ్మేయమంటున్నారురా అందరూ," అంది పిన్ని.

"నువ్వేమంటావు?"

ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "నేను ఒకసారి అక్కడ పడుకోవాలిరా. ఆయన పూసిన గోడ పక్కన. చలికాలం రాకముందే."

"వెళ్దాం. ప్రార్థన నేను చేస్తా."

"పాలు ఆవిడ పొంగిస్తుంది. ఆవిడ ఆవు పాలే. మన కోసం రోడ్డు చూసింది ఆవిడ ఒక్కతే కదా."

పిలిచినవాళ్ళు రాకపోతే, దారుల్లోనూ కంచెల దగ్గరా కనిపించినవాళ్ళని తెచ్చి ఇల్లు నింపమన్నాడు విందు యజమాని. పాల విషయంలో ఈసారి నేను పిన్నితో వాదించలేదు.

టికెట్లు బుక్ చేశాం. ఇద్దరమే. మీరు రావద్దు. ఇది కోపంతో అంటున్న మాటే, నేను దాచను. మీ కోసం చేసిన మంచాలు అక్కడ అలాగే ఉన్నాయి. ఈసారికి వాటి మీద ఎవరూ పడుకోరు.

కానీ మీకు ఒక పని ఉంది. ఈ దేశంలోని షాంటిలీలో ఉన్నా, అరోరాలో ఉన్నా, మా పక్క వీధిలోనే ఉన్నా, మీరు "తప్పకుండా వస్తాం" అని చెప్పి వెళ్ళని ఇల్లు ఒకటి ఉంది. ఎవరిదో మీకు తెలుసు. ఇది చదువుతున్నప్పుడే ఆ మనిషి ముఖం గుర్తొచ్చింది. అక్కడ ఎవరో బల్ల మీద గుడ్డ పరిచి, చీకటి పడ్డాక మళ్ళీ మడిచి పెడుతున్నారు. ఎవరో ఖాళీ రోడ్డు వైపు చూస్తున్నారు. ఫోన్ చేసి టైమ్ అడగకండి, వీకెండ్ చూసుకోకండి. దీన్ని పక్కన పెట్టండి. లేవండి. కారు తాళాలు తీసుకోండి. ఈరోజే, వెలుగుండగానే, వెళ్ళి ఆ తలుపు తట్టండి.